గుమ్మం దాకా నెట్ బాగానే వచ్చింది: అపోహలు, వాస్తవాలు

ఇళ్లలోనూ చిన్న దుకాణాల్లోనూ కేబుళ్లు లాగడం, రౌటర్లు బిగించడం నా వృత్తి. నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకే మాటతో మొదలవుతాయి: "నెట్ స్లోగా ఉందండీ, కంపెనీ మార్చేద్దామా?" వెళ్లి, వీధిలోంచి తీగ వచ్చి చేరే పెట్టెకు నా లాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి చూస్తాను. చాలాసార్లు అక్కడి దాకా నెట్ నిక్షేపంగా వస్తూ ఉంటుంది. దాని కష్టాలన్నీ గుమ్మం దాటి లోపలికి వచ్చాకే మొదలవుతాయి.

అపోహ: పెద్ద ప్లాన్ తీసుకుంటే పడకగదిలోనూ వేగం పెరుగుతుంది.

ప్లాన్ పెంచితే ఇంటి పెట్టె దాకా వచ్చే వేగం పెరుగుతుంది. అక్కడి నుంచి మంచం మీదున్న ఫోను దాకా మోసుకెళ్లేది వైఫై. మన ఇళ్లలో ఆ వైఫై పెట్టెను ఎక్కడ పెడతారో చూడండి: టీవీ వెనక, షోకేసులో బొమ్మల మధ్య, ఒక ఇంట్లో అయితే ఇనుప బీరువాకూ గోడకూ మధ్య సందులో. "కనిపిస్తే బాగుండదు బాబూ" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. ఇనుము ఈ తరంగాలను అడ్డుకుంటుంది. నీళ్లు పీల్చుకుంటాయి, కాబట్టి చేపల తొట్టె పక్కన కూడా వద్దు. స్లాబులోని చువ్వల వల్ల పై అంతస్తుకు చేరేది ఇంకా తక్కువ.

ఇప్పటి రౌటర్లు ఎక్కువగా రెండు రకాల తరంగాలు పంపుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కానీ అపార్టుమెంటులో ఇరుగుపొరుగు అందరి రౌటర్లూ ఆ ఇరుకు సందులోనే నడుస్తుంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు 1, 6, 11 అని మూడే. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, కానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. హాలు మధ్యలో, మనిషి తల ఎత్తున, చుట్టూ ఖాళీగా ఉండేలా పెడితే ఖర్చు లేకుండానే సగం ఫిర్యాదులు పోతాయి.

అపోహ: 100 ఎంబీపీఎస్ ప్లాన్ అన్నారు, డౌన్‌లోడ్‌లో 12 చూపిస్తోంది. మోసం!

మోసం కాదు. ప్లాన్‌ను బిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్‌ను ఫోను బైట్లలో చూపిస్తుంది. బైటుకు 8 బిట్లు. 100ను 8తో భాగిస్తే 12.5.

అపోహ: ఫోనులో గీతలు నిండుగా ఉంటే నెట్ బాగున్నట్టే.

ఆ గీతలు చెప్పేది రౌటర్ గొంతు మీ ఫోనుకు ఎంత బాగా వినిపిస్తోందో, అంతే. సభలో మైకు పట్టుకున్న వక్త మాట చివరి వరుసకూ వినిపిస్తుంది. చివరి వరుసలోంచి మీరు అడిగే ప్రశ్న వేదికకు వినిపించాలి కదా? ఫోనులోని యాంటెన్నా చిన్నది, బ్యాటరీ కోసం అది పొదుపుగా మాట్లాడుతుంది. అందుకే నాలుగు కొమ్ముల రౌటర్ కొన్నా మూల గదిలో వీడియో కాల్ తెగిపోతుంది.

అపోహ: కేబుల్ అంటే కేబులే, ఏదైనా ఒకటే.

ఈ మాట నేను కొంచెం కోపంగానే వింటాను. ఒక ట్యూషన్ సెంటర్‌లో 200 ఎంబీపీఎస్ ప్లాన్. కొలిచినప్పుడల్లా 94 దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది. అంకె అటూ ఇటూ ఊగకుండా ఇలా 94, 95 దగ్గరే నిలబడితే కంపెనీని తిట్టకండి. దారిలో ఎక్కడో ఒక కేబుల్‌కు రెండు చివర్లా ఉన్న పరికరాలు 100 వేగానికే ఒప్పందం చేసుకున్నాయని అర్థం. రౌటర్ పోర్టే పాతకాలపు 100 రకం కావచ్చు, కేబుల్ చివర తప్పు కావచ్చు. అక్కడ చివరి ప్లగ్గును వెలుతురులో పెట్టి చూశాను. ఎనిమిది తీగల్లో నాలుగే పిన్నుల దాకా చేరాయి. మిగతావి తొడుగు దగ్గరే కత్తిరించి ఉన్నాయి. 100 వేగానికి రెండు జతల తీగలు చాలు, వెయ్యి వేగానికి నాలుగు జతలూ కావాలి. బిగించినవారు పని తొందరగా ముగించుకున్నారు. కొత్త ప్లగ్గులు వేశాను: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండో చివర కూడా ఇదే వరుస. ప్లాన్ మార్చకుండానే రెట్టింపు వేగం వచ్చింది.

కేబుల్ కొనేటప్పుడు ఒక తీగను చాకుతో గీకి చూడండి. లోపల కూడా రాగి రంగే ఉండాలి. తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకగా వస్తుంది, వంచితే విరుగుతుంది, అదే కేబుల్ మీద కెమెరాకు కరెంటు పంపితే దూరం వెళ్లేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. మంచి కేబులైనా 100 మీటర్లు దాటించకూడదు.

అపోహ: ప్రింటర్ ఆగుతోందంటే ప్రింటర్ పాడైనట్టే.

ఒక మందుల దుకాణంలో సాయంత్రం జనం పెరిగేసరికి బిల్లు ప్రింటర్ మొండికేసేది. యజమాని అప్పటికే ఒక ప్రింటర్ మార్చారు. కొత్తదీ అదే తీరు. సెట్టింగులు చూస్తే, ప్రింటర్‌కు 192.168.1.25 అనే నెట్‌వర్క్ చిరునామా (ఐపీ అడ్రస్) చేత్తో రాసి పెట్టారు. ఆ సంగతి రౌటర్‌కు ఎవరూ చెప్పలేదు. అది చివరి సంఖ్య 2 నుంచి 254 దాకా ఉండే చిరునామాలను వచ్చినవాళ్లకు పంచుకుంటూ పోతోంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ప్రింటర్ ఆపేస్తారు. అదే సమయంలో ఎవరి ఫోనో వైఫైలోకి వస్తుంది, 25 ఖాళీగా కనిపించి రౌటర్ దానికి ఇచ్చేస్తుంది. సాయంత్రం ప్రింటర్ వేస్తే ఒకే ఇంటి నంబరుతో ఇద్దరు! బిల్లు వెళ్లి ఎవరి జేబులోని ఫోను తలుపో తడుతోంది.

రౌటర్‌లో 25ను ఆ ప్రింటర్ పేరిట కేటాయించాను. వచ్చేపోయేవాళ్ల ఫోన్లకు అతిథుల వైఫై విడిగా పెట్టాను. పది నిమిషాల పని.

పాత రౌటర్‌ను మేడమీద పెట్టి కేబుల్‌తో కలిపినప్పుడూ ఇలాంటి గొడవే వస్తుంది. దాన్ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా, మార్చకుండా కలిపితే, చిరునామాలు పంచే పెద్దలు ఇంట్లో ఇద్దరవుతారు.

అపోహ: వైఫై పేరు దాచేస్తే ఎవరూ చొరబడలేరు.

పేరు దాచినా పట్టుకునే ఉచిత ఉపకరణాలు ఉన్నాయి. దుకాణం బోర్డు మీది ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి, పేరు మాత్రం దాచడం నేను చూశాను. రౌటర్ సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే వైఫై తాళం పెట్టి పొడవైన పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను వైఫైకి కలిపే డబ్ల్యూపీఎస్ పిన్‌ను ఆపేయండి. ఎనిమిది అంకెల ఆ పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. రౌటర్, కెమెరాల సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ వేరే ఉంటుంది, అదీ మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుంది.

అపోహ: రౌటర్ సెట్టింగుల్లో పోర్టు (బయటి నుంచి లోపలికి రానిచ్చే దారి) తెరిస్తే డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఇంటి కెమెరాలు చూడొచ్చు.

ముందు రౌటర్‌కు బయటి వైపు వచ్చిన చిరునామా చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఒకే బహిరంగ చిరునామాను కంపెనీ చాలా ఇళ్లకు పంచుతోందని అర్థం. మీ వైపు ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు. నన్నడిగితే అదీ మంచిదే. కెమెరా తయారీదారు యాప్ ద్వారా చూసుకోమని చెబుతాను.

అపోహ: నెట్ పోతే రౌటర్ ఆపి మళ్లీ వేస్తే చాలు.

చాలాసార్లు నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఫైబర్ పెట్టె మీద లాస్ (LOS) అనే దీపం ఎర్రగా మెరుస్తుంటే పదిసార్లు ఆపి వేసినా రాదు. వెలుతురు మోసే సన్నని తీగ ఎక్కడో తెగింది లేదా మడత పడింది. సోఫా జరిపినప్పుడు దాని కాలి కింద నలిగిందేమో ఒకసారి చూడండి. ఊడిన కొసను మాత్రం కంటికి ఎదురుగా పెట్టుకోవద్దు, అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు. సోఫా కింద ఏమీ దొరక్కపోతే నాకు కాదు, ఈసారి కంపెనీకే ఫోన్ చేయండి.