వెంకటేశ్వర్లు అన్న పేరు ఎక్కడికి వెళ్లింది?

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

వేసవి సెలవుల్లో మీరు గీసిన మన వంశవృక్షం చూశాను. దాని అడుగున మీలో ఎవరో పెన్సిలుతో రాసిన ప్రశ్న కూడా చదివాను: "మన ఇంట్లో ఇంతమంది వెంకటేశ్వర్లు, వెంకయ్యలు, వెంకమ్మలు ఉంటే, మా తరగతిలో ఒక్కరూ ఎందుకు లేరు?"

వేంకటం అన్నది మొదట మనిషి పేరు కాదు, కొండ పేరు. ప్రాచీన తమిళ గ్రంథమైన తొల్కాప్పియం పీఠికలో తమిళ దేశానికి ఉత్తరపు ఎల్లగా వేంగడం కొండను చెప్పారు. అదే తిరుమల. కొండ పేరు స్వామికి వచ్చింది, స్వామి పేరు మొక్కుకున్న తల్లిదండ్రుల వల్ల పిల్లలకు వచ్చింది. తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) తమ కీర్తనలకు ఆ పేరునే ముద్రగా ఉంచారు. కన్నడ సీమలో వెంకటేశ అని, తమిళనాట వెంకటేశన్ అని పిలిచే ఆ పేరు మన దగ్గర గౌరవ బహువచనం చేర్చుకుని వెంకటేశ్వర్లు అయింది. రాములు, నరసింహులు, ఆంజనేయులు కూడా ఆ తీరున ఏర్పడినవే. పాలు తాగే పసివాడికి కూడా అంత గౌరవం ఎందుకంటే, పిలుస్తున్నది బిడ్డనే అయినా పలుకుతున్నది దేవుడి పేరు కనుక.

నా చిన్నతనంలో పొద్దుగూకే వేళ ఎవరి తండ్రో అరుగు మీద నిలబడి "ఒరే వెంకటేశ్వర్లూ!" అని కేక వేస్తే, గోళీలాటలోంచి ముగ్గురు ఒక్కసారే తలెత్తేవారు. గొంతు గుర్తుపట్టిన వాడు నిక్కరు దులుపుకుని ఇంటికి పరుగెత్తేవాడు, మిగిలిన ఇద్దరూ మళ్లీ గోళీ గురిపెట్టేవారు. బడిలో మాస్టారు హాజరు పిలిచేటప్పుడు ఇంటిపేరు చేర్చక తప్పేది కాదు. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కావడంతో, ఒకసారి ఇంట్లో అడుగుపెట్టిన పేరు తరం విడిచి తరం తిరిగి వస్తూనే ఉండేది.

తల్లులు మాత్రం ఆ పేరుతో కేక వేసేవారు కాదు. కోడలు మామగారి పేరు నోట పలకకూడదన్నది ఆనాటి కట్టుబాటు. మామగారి పేరే కొడుక్కి పెడితే ఆ తల్లి బిడ్డను ఏమని పిలవాలి, అల్లరి చేస్తే ఏమని కోప్పడాలి? అందుకే బుజ్జి, చిన్నబ్బాయి, బాబు వంటి పిలుపు పేర్లు ఇంటింటా ఉండేవి. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉండేది.

ఆ పేరు తగ్గిపోవడాన్ని నేను ఇత్తడి బిందెతో పోల్చుకుంటాను. ఒకప్పుడు నూతి దగ్గర నుంచి నీళ్లు మోయడానికి రోజూ వాడిన బిందె అది. బరువెక్కువ, చింతపండు వేసి తోమితే గాని మెరవదు. తేలికైన స్టీలు బిందెలు రాగానే అది వంటింటి మూలకు జరిగింది, అక్కడి నుంచి అటకెక్కింది. అయినా ఎవరూ పారేయలేదు. వెంకటేశ్వర్లు కూడా అలా బరువైన పేరే. రోజూ పిలుచుకోవడానికి రమేష్, సురేష్ వంటి తేలిక పేర్లు వచ్చాయి, ఆ తరువాత రెండక్షరాల పేర్లు వచ్చాయి. వెంకట అన్నది పేరు మధ్యకు జరిగి, చివరికి ఒక్క పొడి అక్షరమై అటకెక్కింది. 1991 నుంచి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావుగారి పేరులో 'వి' వెంకటే. 1969లో రాష్ట్రపతి అయిన వి.వి. గిరిగారి రెండో 'వి' అదే, నటుడు ఎస్.వి. రంగారావుగారి 'వి' కూడా అదే. 1930లో నోబెల్ బహుమతి పొందిన సి.వి. రామన్‌గారి విషయంలోనైతే, వెంకటరామన్ అన్న ఒకే పేరు రెండుగా విడిపోయి, ముందు సగం పొడి అక్షరంగా మిగిలింది. శుభకార్యం వచ్చినప్పుడు బిందెను కిందికి దించి తోమినట్టే, శుభలేఖ అచ్చువేసేటప్పుడు, పీటల మీద పురోహితుడు పేరు అడిగినప్పుడు ఆ పూర్తి పేరు మళ్లీ బయటికి వస్తుంది.

కొత్త పేర్లు పెట్టుకోవడం తప్పని నేననను. మీ పేర్లు ముచ్చటగా ఉన్నాయి, పిలుస్తుంటే నాకూ హాయిగా ఉంటుంది. కాని ఎవరి పేరైనా పాతకాలపుదని నవ్వకండి. దాని వెనుక ఒక మొక్కో, ఒక తాతో ఉంటారు.

మీ బడి గోడ మీద దాతల పేర్లు చెక్కిన శిలాఫలకం ఉంటే ఈసారి నిలబడి చదవండి. పొడి అక్షరాలను కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి దేనికి గుర్తో తెలిసిన పెద్దవాళ్లను అడగండి. ఇంకొక సంగతి. మీ నాన్నకు మేము మా నాన్నగారి పేరే పెట్టాము. మీ నాయనమ్మ ఈనాటి వరకు ఒక్కసారి కూడా వాణ్ణి ఆ పేరుతో పిలవలేదు. చిన్నప్పుడు ఏమని పిలిచేదో నేను చెప్పను, ఆమెనే అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య