ముందొచ్చిన శబ్దమే వాడి

తిరుపతి నుంచి చిత్తూరు కార్లో పోతుంటే చంద్రగిరి దాటకముందే మొదలైన వాదన పూతలపట్టు వచ్చినా తెగలేదు. వెనక సీట్లో మా బావ: "వెనక స్పీకర్లే బాగుండాయి రా, ముందువి పీలగొంతు." డ్రైవరు: "యాడ సార్, వెనకవి మోతే గానీ పాట ల్యా." ఇద్దరి మాటా నిజమే. తేడా స్పీకర్లలో కన్నా సీట్లలో ఎక్కువ ఉంది.

స్పీకర్లో అయస్కాంతం, కాయిలు ఏం చేస్తాయో బడి పుస్తకాల్లో ఉంది, వదిలేద్దాం. అసలు సంగతి చెవిది. మన ఎండల్లో శబ్దం ఒక మిల్లీసెకనుకి సుమారు 35 సెంటీమీటర్లు పోతుంది, అంటే జానెడున్నర. డ్రైవరు చెవికి ముందు తలుపు స్పీకరు మీటరు దూరం, వెనక అద్దం కింది స్పీకరు మీటరున్నర పైనే. అంటే ఒకే పాట రెండోసారి ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. మెదడు దాన్ని రెండో పాటగా లెక్కపెట్టదు. ఇంటిల్లిపాదికీ ఒకే దర్శనం టికెట్ ఉన్నట్టు, ముందొచ్చినవాడి పేరు రాసుకుని వెనకొచ్చినవాళ్లని ఆ టికెట్ మీదే లోపలికి పంపేస్తుంది. మరీ ఆలస్యమైతే వేరే మనిషి కింద లెక్క, అదే ప్రతిధ్వని. వెనకవాడు గట్టిగా తోసుకొస్తే? 1949లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మట్ హాస్ ఇదే కొలిచాడు. ఆలస్యం 5 నుంచి 30 మిల్లీసెకన్ల మధ్య ఉంటే, వెనకొచ్చింది 10 డెసిబెల్స్ దాకా, అంటే పదింతల పవరుతో మోగినా టికెట్ ముందువాడిదే. కారులో ఆలస్యం అంతకన్నా తక్కువ గనక ఆ వెసులుబాటూ తక్కువే. ముందు, వెనక స్పీకర్లకి మోత పంచే ఫేడర్‌ని వెనక్కి తిప్పితే టికెట్ ఇట్టే చేతులు మారుతుంది. బావకైతే వెనక స్పీకరు తలకి జానెడు దూరం, అక్కడ మొదటివాడు అదే. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, చెవుల దగ్గర ఆ సామెత చెల్లదు.

మరి మోత? స్పీకర్లో ఊగే గరాటు లాంటి కోను ముందుకి తోసే గాలి, వెనక్కి తోసే గాలి ఒకదానికొకటి ఎదురు. సందులున్న తలుపులో ఆ రెండూ కలిసి బేస్‌ని, అంటే లోతు మోతని, చంపేస్తాయి. వెనక స్పీకరుకి డిక్కీ మొత్తం మూసిన పెట్టె, అందుకే అక్కడ మద్దెల మోగుతుంది. అలాంటి 60 హెర్ట్జ్ లోతు మోత తరంగం దాదాపు 6 మీటర్లు, సీటు దానికి అడ్డమే కాదు. అదే 10,000 హెర్ట్జ్ సన్నని శబ్దం తరంగం మూడున్నర సెంటీమీటర్లు. ఫోమ్ సీటు దాన్ని మింగేస్తుంది, పైగా మన చెవి డొప్ప ముందుకి తెరుచుకుంది. అన్నమయ్య కీర్తనలో స, శ, చ మొద్దుబారేది ఇక్కడే.

స్పీకరు వైర్ల పిన్నులకి బంగారు పూతుంటే పాట తియ్యగా వస్తుందని ఎవరో మా డ్రైవరుకి చెప్పారట. పూత చిలుము పట్టకుండా కాపాడుతుంది, అంతే. తియ్యదనం విషయంలో దానికీ బంపరుకి కట్టిన నిమ్మకాయకీ తేడా లేదు.

కాణిపాకం రోడ్డు దగ్గర టీకి ఆగినప్పుడు బావని ముందు కూర్చోబెట్టి, ఫేడర్ నాలుగు గడులు ముందుకి జరిపాను. గాయకుడు డాష్‌బోర్డు మీదికొచ్చాడు. మద్దెల మాత్రం డిక్కీలోంచే, కానీ అదీ ముందునుంచే అనిపిస్తోంది. బావ కాసేపు విని, "డిక్కీలో ఆ బియ్యం మూటలు తీసేస్తే?" అన్నాడు.