స్కిల్స్ ల్యాబ్‌లో పాముకాటు

కర్నూలు వైద్య కళాశాల 1950ల్లో మొదలైంది. అనంతపురం కళాశాల 2000లో, కడప రిమ్స్ 2006లో వచ్చాయి. నంద్యాలలో 2023లో తరగతులు మొదలయ్యాయి. పాత తరం విద్యార్థులు సూది గుచ్చడం మొదలు అన్నీ వార్డులోనే, సీనియర్ల వెనక నిలబడి నేర్చుకున్నారు. 2019లో ఎంబీబీఎస్ కొత్త పాఠ్యప్రణాళిక వచ్చాక చేతిపనికి మొదటి తడబాటు రోగి ఒంటి మీద కాకుండా, బొమ్మల మీద సాధన చేసే స్కిల్స్ ల్యాబ్‌లో జరగాలన్న నియమం స్థిరపడింది.

కొత్త కళాశాలలో ఈ ల్యాబ్ బాధ్యత తీసుకున్నవారిని అందరూ ముందు అడిగేది ఏ బొమ్మలు కొనాలనే. అది తర్వాతి మాట. మన క్యాజువాలిటీకి (అత్యవసర విభాగానికి) ఏ కేసు వస్తుందో ముందు తేల్చుకుంటే, కొనాల్సినవి ఆ కేసే చెబుతుంది. సీమలో మొదలుపెట్టడానికి పాముకాటును మించిన పాఠం లేదని మా గట్టి అభిప్రాయం.

రోగిగా నటించే మనిషి ఒకరు, విద్యార్థులు అయిదుగురు: ఒకరు నాయకత్వానికి, ఒకరు శ్వాసకు, ఒకరు నరంలో సూది పెట్టడానికి, ఒకరు మందులకు, ఒకరు టైము రాయడానికి. "శెనక్కాయ చేనిలో కలుపు తీస్తాంటే కాలికి పురుగు ముట్టింది సార్" అంటూ, అంటే పాము కరిచిందంటూ, రోగి వస్తాడు. పిక్క పైన తాడు బిగించి ఉంటుంది. చాలామంది చూడగానే తాడు కోసేస్తారు. మొదటి పొరపాటు అక్కడే. గట్టి కట్టును ఒక్కసారిగా విప్పితే కింద నిలిచిన విషం ఉధృతంగా ఒంట్లోకి పాకవచ్చు. ముందు కట్టు కింద నాడి చూడాలి, సెలైన్ లైను పెట్టాలి, శ్వాసకు అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) సిద్ధం చేసుకోవాలి, ఆ తర్వాతే మెల్లగా వదలాలి. సూది పనులన్నీ పక్క బల్ల మీది రబ్బరు చేతి మీద, ఇంజెక్షన్ ప్యాడ్ మీద జరగాలి. నటించే మనిషి దగ్గరికి సూది రాకూడదు. బీపీ అంకె కూడా విద్యార్థులు నిజంగా పట్టీ కట్టి చూసినప్పుడే చెప్పాలి.

కొన్ని పాముల విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి తర్వాత రక్తం గడ్డకట్టే పరీక్ష. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. తాజా రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగిన గొట్టంలోనో పోస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, అనవసరంగా విరుగుడు ఎక్కిస్తారు. అందుకే బల్ల మీద రెండు రకాల గొట్టాలూ కావాలనే పెట్టాలి. గడ్డకట్టని రక్తానికి ఎర్రరంగు నీళ్లు, గడ్డకట్టినదానికి రంగు కలిపి గట్టిపరచిన జెలటిన్ సరిపోతాయి. ఆ 20 నిమిషాలను మాత్రం కుదించవద్దు. ఖాళీగా నిలబడతారా, వాపు ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత పెడతారా, కనురెప్పలు వాలుతున్నాయేమో చూస్తారా అన్నది అప్పుడే తెలుస్తుంది.

రక్తం గడ్డకట్టలేదు. విరుగుడు మందు 10 వయల్స్, గంటలో ఎక్కించాలి. ముందుగా చర్మం మీద టెస్ట్ డోసు అక్కర్లేదు, అది రాబోయే రియాక్షన్‌ను పట్టివ్వదు. ఒక్కో వయల్‌లోని పొడిని 10 మి.లీ. నీటిలో కరిగించాలి. గిలకొడితే నురగ వస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. పదీ ఒక్కరే కలుపుతుంటే ఎంత ఆలస్యమవుతుందో చేసి చూస్తేగాని తెలియదు.

మందు ఎక్కుతుండగా రోగి గోక్కోవడం మొదలుపెడతాడు, దద్దుర్లు వస్తాయి, బీపీ పడిపోతుంది. దాదాపు ప్రతి బ్యాచ్ చేయీ ముందు అలర్జీకి వాడే అవిల్ మీదికో, స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్ మీదికో పోతుంది. అవి నిదానంగా పనిచేస్తాయి. డ్రిప్ ఆపి, అడ్రినలిన్ 0.5 మి.గ్రా., అంటే 1 మి.లీ. ఆంపుల్‌లో సగం, తొడ బయటి వైపు కండలోకి ఇవ్వాలి. నరంలోకి నేరుగా తోస్తే గుండె లయ తప్పవచ్చు. రియాక్షన్ తగ్గాక విరుగుడును మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. ఇది మరిచిపోయే బ్యాచ్‌లు చాలా ఉంటాయి.

ఒక బ్యాచ్ బయటికెళ్లి తర్వాతి బ్యాచ్‌కు కథంతా చెప్పేస్తుంది కాబట్టి, విషం నరాల మీద పనిచేసే కట్లపాము కేసూ సిద్ధంగా ఉండాలి: కాటు గుర్తు కనిపించదు, వాపు ఉండదు, గొట్టంలో రక్తం గడ్డకడుతుంది, కానీ రెప్పలు వాలిపోతుంటాయి.

అసలు చదువు ఆ తర్వాతి 40 నిమిషాల చర్చలో ఉంది. "ఎందుకు ఆలస్యం చేశారు?" అంటే విద్యార్థి ముడుచుకుపోతాడు. "అవిల్ ఇచ్చాకే అడ్రినలిన్ తీశారు, నాకది ఆలస్యమనిపించింది, అప్పుడు ఏం ఆలోచించారు?" అంటే నోరు విప్పుతాడు. భయపడ్డాడా, డోసు తెలియదా, ఆంపుల్ కనిపించలేదా? ఒక్కోదానికి మందు వేరు.

సామగ్రి సంగతి కొంచెం. బొమ్మల చర్మానికి బాల్‌పెన్ సిరా, న్యూస్‌పేపర్ అచ్చు అంటితే పోవు. రబ్బరు చేతిలో రంగునీళ్లు రాత్రంతా వదిలేస్తే బూజు పడుతుంది, తీసి ఆరబెట్టాలి. కాలం చెల్లిన మందుల మీద "శిక్షణకు మాత్రమే" అని చీటీ అంటించి, వార్డు అలమరా వైపు పోకుండా తాళంలో ఉంచాలి.

ఇక లెక్క చూడండి. 150 మంది విద్యార్థులంటే అయిదుగురి చొప్పున 30 బ్యాచ్‌లు. కేసుకు 35 నిమిషాలు, చర్చకు 40 కలిపితే మొత్తం ముప్పై ఏడున్నర గంటలు, అదీ ఒక్క కేసుకే. ఆగిన గుండెను నొక్కే నేర్పు (సీపీఆర్), నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా, కొన్ని నెలలకే సడలిపోతుంది కాబట్టి దానికి మళ్లీ వేరే గంటలు కావాలి. ఇంత సమయం అధ్యాపకులొక్కరి వల్ల కాదు. ఏళ్లుగా క్యాజువాలిటీలో నరం పట్టుకుంటున్న స్టాఫ్ నర్సులను పిలిచి, చర్చ నడపడం నేర్పి, ఆ గంటలను డ్యూటీగానే రోస్టర్‌లో రాయాలి.