బేస్ ప్లేయర్ల పెడల్‌బోర్డ్: అపోహలు - వాస్తవాలు

శుక్రవారం రాత్రి జూబ్లీహిల్స్‌లో పబ్. శనివారం శంషాబాద్ దగ్గర ఫామ్‌హౌస్‌లో సంగీత్. ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో చర్చి. హైదరాబాద్‌లో గిగ్‌లు (ప్రోగ్రాములు) వాయించే బేస్ గిటార్ ప్లేయర్ వారాంతం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వీపుకి గిగ్‌బ్యాగ్, కాళ్ల దగ్గర పెడల్‌బోర్డు (కాలితో నొక్కి సౌండ్ మార్చే చిన్న పెట్టెలు, అంటే పెడల్స్, అతికించిన పలక), కింద యాక్టివా. మూడు చోట్లా కరెంటు వేరు, మిక్సర్ వేరు, సౌండ్ చేసే మనిషి వేరు. బోర్డు మాత్రం ఒకటే.

నేను బేస్ వాయిస్తాను, తోటివాళ్లకి బోర్డులు వైరింగ్ చేసిపెడతాను. కుర్రాళ్లు వచ్చీరాగానే అడిగేది "అన్నా, ఏ పెడల్ కొనాలె?" అని. కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తావు, మిక్సర్‌కి సౌండ్ ఎలా పంపుతావు అని నేను తిరిగి అడిగితే మొహమొహాలు చూసుకుంటారు. స్టేజీ మీద బోర్డు మొరాయించేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే, లేదంటే పెడల్‌కీ పెడల్‌కీ మధ్య ఉన్న బెత్తెడు కేబుల్ దగ్గర. అపోహలు కూడా అక్కడే ఎక్కువ.

అపోహ: మినీ పెడల్స్ కొంటే బోర్డు దానంతటదే చిన్నదైపోతుంది

ముందు టేపు తీసి కొలవండి. 18 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు ఉన్న బోర్డు గిగ్‌బ్యాగ్ సంచితో పాటు సులువుగా మోసుకుపోవచ్చు. మిల్లీమీటర్లలో అది 457, 127. బాస్ కంపెనీ కాంపాక్ట్ పెడల్ వెడల్పు 73, పొడవు 129. పొడవులో 2 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, దానివల్ల నష్టమేం లేదు. అడ్డంగా ఐదు పెడితే 365 అవుతుంది, మిగిలేది 92. కానీ ఈ పెడల్స్‌కి జాక్‌లు (కేబుల్ దూర్చే రంధ్రాలు) పక్కల ఉంటాయి. రెండు ఫ్లాట్ ప్లగ్గులు ఎదురెదురుగా పట్టాలంటే పెడల్‌కీ పెడల్‌కీ మధ్య సుమారు 25 మిల్లీమీటర్లు వదలాలి. నాలుగు సందులకి 100. అంటే ఐదు పట్టవు, నాలుగు హాయిగా పడతాయి. జాక్‌లు పైవైపు ఉన్న పెడల్స్ అయితే ఐదూ పడతాయి. పెడల్ సైజు కంటే జాక్ ఎక్కడుందనేది ముందు చూడమనేది అందుకే.

మినీ పెడల్ వెడల్పు 4 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెండు పక్కపక్కనే అతికిస్తే బూటుతో ఒకటి నొక్కబోతే రెండూ పడతాయి. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. చాలా చర్చిల్లో వేదిక మీదకి, గణేశ్ మండపాల్లో స్టేజీ మీదకి చెప్పులు విడిచే ఎక్కాలి. గట్టి స్ప్రింగున్న సన్నటి స్విచ్‌ని వట్టి కాలితో రెండు గంటలు నొక్కితే బొటనవేలికి తెలుస్తుంది. స్విచ్ మీద తొడిగే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి, వేసుకోండి.

నాలుగు పెడల్స్ చాలా? చాలు. శ్రుతి చూసే ట్యూనర్, నోట్ల బలాన్ని సమానం చేసే కంప్రెసర్, కింది స్థాయి స్వరాన్ని కలిపే ఆక్టేవ్ లేదా సౌండ్‌ని గరుకు చేసే డ్రైవ్, చివర డీఐ (మిక్సర్‌కి నేరుగా సౌండ్ పంపే అవుట్‌పుట్) ఉన్న ప్రీఆంప్ (సౌండ్‌ని పెంచి, మలిచేది). ఇళయరాజా పాటలు వాయించే బ్యాండ్‌కైతే ఆ మూడోది కూడా అక్కర్లేదంటాను. ఆ పాటల్లో బేస్ ప్రతి నోటూ విడివిడిగా వినపడితే చాలు.

అపోహ: ఎక్కువ మిల్లీ ఆంపియర్ల అడాప్టర్ పెడితే పెడల్ కాలిపోతుంది

కాలదు. పెడల్ తనకెంత కావాలో అంతే లాక్కుంటుంది. 20 మిల్లీ ఆంపియర్ల పెడల్‌ని 500 ఇచ్చే అవుట్‌పుట్‌కి పెట్టినా తీసుకునేది ఆ 20నే. తక్కువైతేనే ఇబ్బంది. 300 అడిగే డిజిటల్ పెడల్‌కి 100 ఇస్తే అది వెలిగి ఆరిపోతూ ఉంటుంది, లేదా సరిగ్గా పాట మధ్యలో రీస్టార్ట్ అవుతుంది.

పెడల్‌ని చంపేవి వేరే ఉన్నాయి. మొదటిది వోల్టేజ్: 9 వోల్టుల పెడల్‌కి 18 ఇవ్వడం. రెండోది ఏసీ, డీసీ తేడా. మూడోది ప్లస్, మైనస్ తారుమారు. దాదాపు అన్ని పెడల్స్‌కీ ప్లగ్ మధ్యలో మైనస్ ఉంటుంది. యమహా హోమ్ కీబోర్డుల అడాప్టర్ చాలావరకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. చర్చిలోనో రిసెప్షన్‌లోనో మన అడాప్టర్ మర్చిపోతే చేతికి ముందు దొరికేది అదే. పిన్ దూరినట్టే ఉంటుంది, తర్వాత పొగే. కొన్ని పెడల్స్‌లో రక్షణకి డయోడ్ పెడతారు, అప్పుడు అదొక్కటే పోతుంది, మార్పించుకోవచ్చు. అన్నిట్లో ఉండదు. పెడల్ మీద, అడాప్టర్ మీద ఉన్న చిన్న గుండ్రటి బొమ్మలు రెండూ ఒకేలా ఉన్నాయా అని చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి.

అపోహ: పెట్టె మీద ఐసోలేటెడ్ అని రాసి ఉంటే ఐసోలేటెడే

ఐసోలేటెడ్ అంటే ప్రతి అవుట్‌పుట్ మిగతావాటితో కలవకుండా విడిగా ఉండటం. చవక పవర్ సప్లైల్లో ఎనిమిది అవుట్‌పుట్‌లు బయటికి వేరువేరుగా కనిపిస్తాయి, లోపల మైనస్‌లన్నీ ఒక్కచోటే కలిసి ఉంటాయి. అంటే అది అందంగా చేసిన డైసీ చైన్ (ఒకే అడాప్టర్ కరెంటుని అన్ని పెడల్స్‌కీ పంచే కేబుల్). చెక్ చేయడం నిమిషం పని. సప్లైని గోడ నుంచి తీసేయండి, పెడల్స్ ఏవీ తగిలించకండి. రెండు అవుట్‌పుట్‌లకి కేబుళ్లు పెట్టి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో ఉంచి, ఒక ముల్లు ఒక ప్లగ్ నడిమి రంధ్రంలో, రెండోది రెండో ప్లగ్ నడిమి రంధ్రంలో పెట్టండి. మీటర్ కూసిందంటే ఐసోలేషన్ లేనట్టే.

లేకపోతే కొంపలేం మునగవు. రెండు మూడు అనలాగ్ పెడల్స్‌కి డైసీ చైన్ చక్కగా సరిపోతుంది. అనలాగ్ డ్రైవ్ పక్కన డిజిటల్ పెడల్ చేరినప్పుడే, డ్రైవ్ ఆన్ చేయగానే సన్నగా ఈల లాంటి శబ్దం మొదలవుతుంది. ఆ ఒక్క డిజిటల్ పెడల్‌కి వేరే అడాప్టర్ ఇచ్చి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

అపోహ: హమ్ (గుయ్‌మనే శబ్దం) వస్తే ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ తీసేస్తే సరి

ఇది అపోహ కాదు, ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. ఫంక్షన్ హాళ్ల స్టేజీల మీద మూడో పిన్ విరిచేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటాయి. హమ్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఆంప్‌లో ఏదైనా లీకైతే ఆ కరెంటు భూమిలోకి వెళ్లే దారి కూడా పోతుంది. అప్పుడు మిగిలిన దారి మీరే. ఎడమ చెయ్యి తీగల మీద, పెదవి మైక్ మీద, కాళ్లకి చెప్పుల్లేవు.

హమ్ ఎందుకొస్తుందో తెలిస్తే పిన్ జోలికి వెళ్లే అవసరమే రాదు. మన ఆంప్ స్టేజీ మీది ప్లగ్‌లో ఉంటుంది, మిక్సర్ హాలు ఆ చివర వేరే ప్లగ్‌లో, ఒక్కోసారి వేరే జనరేటర్ మీద. రెండు చోట్ల ఎర్త్ ఒకే మట్టంలో ఉండదు. డీఐ నుంచి మిక్సర్‌కి వెళ్లే ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైక్) కేబుల్ ఆ రెంటినీ కలుపుతుంది, తేడా కాస్తా 50 హెర్ట్జ్ గురకై వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. దాన్ని ఆపడానికే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది ఆడియో కేబుల్‌లో పిన్ 1 కనెక్షన్‌ని తెంపుతుంది, కరెంటు ప్లగ్‌లోని ఎర్త్‌ని ముట్టుకోదు. అందుకే అది క్షేమం. ఒక్క మెలిక గుర్తుంచుకోండి. మీ ప్రీఆంప్ మిక్సర్ అదే కేబుల్‌లో పంపే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు మీద నడుస్తుంటే, లిఫ్ట్ నొక్కగానే చాలాసార్లు ఆగిపోతుంది. ఫాంటమ్ తిరిగి వెళ్లేది ఆ పిన్ 1 మీదుగానే. కాబట్టి ప్రీఆంప్‌కి మీ బోర్డు నుంచే పవర్ ఇచ్చుకోండి.

గ్రౌండ్ లిఫ్ట్ నొక్కినా తగ్గకపోతే తీగల మీంచి చెయ్యి తీసి చూడండి. తీస్తే పెరిగి, పెడితే తగ్గుతుందంటే అది గ్రౌండ్ లూప్ కాదు, బేస్ లోపల షీల్డింగ్ (బయటి శబ్దాన్ని ఆపే లోహపు పొర) సరిగ్గా లేకపోవడం. గురకలా కాకుండా గరగరమంటూ, వెనక ఎల్‌ఈడీ స్క్రీన్ వెలిగినప్పుడే వస్తోందా? పికప్ (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చేది) సింగిల్ కాయిల్ రకమైతే రెండడుగులు పక్కకి జరిగి, బేస్‌ని కాస్త వేరే వైపు తిప్పండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. బోర్డు పవర్ కూడా లైట్లున్న లైన్ నుంచి కాకుండా, సౌండ్ వాళ్ల లైన్ నుంచే అడిగి తీసుకోండి.

నా బ్యాగులో ఓ లైన్ టెస్టర్ ఎప్పుడూ ఉంటుంది. కొత్త హాలైతే బేస్ తగిలించుకోకముందే మైక్ జాలీకి, ఆంప్ చాసిస్‌కి తాకించి చూస్తాను. వెలిగిందంటే ముందు ఎలక్ట్రీషియన్ రావాలి, ఆ తర్వాతే సౌండ్‌చెక్. ఎవరు విసుక్కున్నా సరే.

అపోహ: అన్నీ ట్రూ బైపాస్ ఉంటేనే ప్యూర్ టోన్

ట్రూ బైపాస్ అంటే పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్ లోపలి సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా దాటిపోవడం. పాసివ్ బేస్ (లోపల బ్యాటరీ, ప్రీఆంప్ లేనిది) అయితే దాదాపు తిరగబడిన మాట ఇది. మామూలు కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. పెడల్స్ అన్నీ ఆఫ్‌లో ఉంటే బేస్ నుంచి బోర్డుకి, బోర్డు నుంచి ఆంప్‌కి ఉన్న కేబుల్ అంతా కలిసి పికప్ మీదే పడుతుంది, పైనున్న పదును తగ్గుతుంది. స్లాప్ (బొటనవేలితో తీగల్ని కొట్టి) వాయించేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. మొదట్లో ఒక్క మంచి బఫర్ (సిగ్నల్‌ని కేబుల్ భారం నుంచి కాపాడే సర్క్యూట్) ఉన్న పెడల్ ఉంటే ఈ గొడవ ఉండదు. యాక్టివ్ బేస్ వాళ్లు అసలు దీని గురించి ఆలోచించక్కర్లేదు, లోపలి ప్రీఆంప్ ఆ పని ఎప్పుడో చేసేసింది.

అపోహ: గిటార్ ఓవర్‌డ్రైవ్ బేస్‌కీ పనికొస్తుంది, బాటమ్ (కింది స్వరాలు) ఈక్యూలో పెంచుకోవచ్చు

నాలుగు తీగల బేస్‌లో కింది ఇ తీగ 41 హెర్ట్జ్, ఐదు తీగలదైతే బి తీగ 31. ట్యూబ్ స్క్రీమర్ అనే గిటార్ ఓవర్‌డ్రైవ్ తరహా సర్క్యూట్‌లో క్లిప్పింగ్ (సిగ్నల్ కొసలు తెగి గరుకవడం) జరిగేచోట సుమారు 720 హెర్ట్జ్ కంటే కిందవాటికి గెయిన్ తగ్గుతూ పోతుంది, గిటార్‌కి అది వరం. మనకేమో డ్రైవ్ నొక్కగానే కింద నేల జారిపోయినట్టు ఉంటుంది. తర్వాత ఈక్యూలో బాటమ్ పెంచితే వచ్చేది ఆ నోట్ల బరువు కాదు, గుమ్మని ఒక మోత. బ్లెండ్ నాబ్ ఉన్న పెడల్ చూసుకోండి, క్లీన్ సౌండ్ కింద అలాగే ఉండి పైన డ్రైవ్ కలుస్తుంది. ఇంట్లో విడిగా విన్నప్పుడు డ్రైవ్ తక్కువైందనిపించే చోట ఆపండి, బ్యాండ్‌లో అది సరిగ్గా ఉంటుంది.

అపోహ: పెడల్స్ వరస మార్చకూడదు

మార్చొచ్చు, కారణం తెలిస్తే చాలు. ఎన్వలప్ ఫిల్టర్ (వా వా అనే సౌండ్ ఇచ్చేది) మీ వేళ్ల బలాన్ని బట్టి తెరుచుకుంటుంది, దాని ముందు కంప్రెసర్ పెడితే అన్ని నోట్లూ ఒకే బలంగా వచ్చి ఫిల్టర్ కదలదు. పాత తరహా ఆక్టేవ్‌కి ఒకేసారి ఒకే నోటు, శుభ్రంగా అందాలి. దాన్ని డ్రైవ్ తర్వాత పెడితే తడబడుతుంది. కింది ఇ తీగ మీద మొదటి ఫ్రెట్లలో ఎలాగూ తడబడుతుంది, ఆ లైన్‌ని పైన వాయించుకోండి. ట్యూనర్ మొదట్లో. డీఐ చివర్లో.

అపోహ: మల్టీ ఎఫెక్ట్ నేర్చుకునేవాళ్లకే

చిన్న బోర్డు కావాలంటే ఒక్కోసారి అదే సరైన జవాబు. లైన్ 6 కంపెనీ మల్టీ ఎఫెక్ట్ పెడల్ హెచ్‌ఎక్స్ స్టాంప్ ఒక్కటి నాలుగైదు పెడల్స్ పని చేస్తుంది. దాని సొంత అడాప్టర్ 9 వోల్టులు, 3 ఆంపియర్లది. మామూలు పెడల్ సప్లైలో 100 మిల్లీ ఆంపియర్ల అవుట్‌పుట్‌కి తగిలించి పనిచేయట్లేదని తెచ్చేవాళ్లున్నారు.

దీంతో అసలు తంటా ప్రీసెట్ల (ముందే సేవ్ చేసుకున్న సౌండ్ల) దగ్గర. రాత్రి ఇంట్లో మెల్లగా, హెడ్‌ఫోన్లో చేసుకున్న సౌండ్ స్టేజీ మీద బురదలా ఉంటుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి లో ఫ్రీక్వెన్సీలు ఇంకా ఎక్కువగా తగ్గిపోతాయని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు. అందుకే ఇంట్లో తెలియకుండానే బాస్ పెంచేస్తాం. ప్రీసెట్లు రిహార్సల్ రూమ్‌లో, డ్రమ్స్ పక్కన చేసుకోండి. అన్నిటి వాల్యూమ్ సమానం చేయండి. ఖాళీ హాల్లో బేస్ గుమ్మంటుంటే 35, 40 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కిందివాటిని కోసేది) పెట్టండి, నోట్లు విడివిడిగా బయటికొస్తాయి.

అపోహ: పవర్ బ్యాంక్ మీద బోర్డు గిగ్ అంతా నడవదు

లెక్క వేద్దాం. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాంక్‌లో సెల్ 3.7 వోల్టులు, అంటే 37 వాట్ అవర్లు. బోర్డు 9 వోల్టుల మీద 300 మిల్లీ ఆంపియర్లు తాగితే 2.7 వాట్లు. మార్పిడిలో పోయేది తీసేసినా పది గంటలు నడుస్తుంది. మంచి 9 వోల్టుల కన్వర్టర్ కేబుల్ ఉండాలి, అంతే. జనరేటర్ మార్చేటప్పుడు స్టేజీ మొత్తం చీకటైనా ట్యూనర్ వెలుగుతూనే ఉంటుంది. విమానంలో వెళ్తే అది చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్ఇన్ బ్యాగులో ఒప్పుకోరు.

కొనే ముందు ఒక్కటి చూడండి. కొన్ని బ్యాంకులు లోడ్ మరీ తక్కువైతే ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. ట్యూనర్, కంప్రెసర్ మాత్రమే ఉన్న బోర్డుకి ఇది ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఇంట్లో తగిలించి, ఏమీ వాయించకుండా అరగంట వదిలేసి చూస్తే తెలిసిపోతుంది.