నడిసంద్రానికి కొత్తవాళ్ళు: అపోహలు - వాస్తవాలు

చెన్నై హార్బర్ నుంచి విశాఖకు సముద్రం మీద దాదాపు 330 నాటికల్ మైళ్ళు. తెరచాప పడవ 5 నాట్ల (గంటకు 5 నాటికల్ మైళ్ళ) వేగంతో పగలూ రాత్రీ సాగినా దాదాపు మూడు రోజులు పట్టేస్తుంది. వారాంతాల్లో ఒడ్డు పక్కన డింగీలు (చిన్న పడవలు) నడిపినవాళ్ళు దీనికి సిద్ధమయ్యేటప్పుడు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: ఈత బాగా వస్తే భయం లేదు.

6 నాట్ల వేగంలో పడవ నిమిషానికి 185 మీటర్లు దాటిపోతుంది. మీటరు ఎత్తు అల లేస్తే చాలు, నీళ్ళలో తల కనపడదు. కాబట్టి మొదటి పాఠం పడకుండా ఉండడమే. క్యాబిన్ మెట్ల మీద ఉండగానే హార్నెస్ టెథర్‌ను (ఒంటి పట్టీకి కట్టిన రక్షణ తాడును) కాక్‌పిట్, అంటే పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోటి కొక్కేనికి తగిలించి, ఆ తర్వాతే పైకి రావాలి. లైఫ్ జాకెట్‌ను ఉబ్బించే గ్యాస్ సిలిండర్ బిగుతుగా ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. తొడల పట్టీ కట్టుకోకపోతే ఉబ్బిన జాకెట్ ముఖం మీదికి జారుతుంది. ఇక పడవ అంచున నిలబడి మూత్రం పోయడం రాత్రిపూట పూర్తిగా బంద్. సిగ్గుపడకుండా ముందే చెప్పేయాలి.

పగలే ఒక ఫెండర్‌కు (పడవ పక్కకు దెబ్బ తగలకుండా వేలాడదీసే గాలి బుడ్డికి) బకెట్ కట్టి, మనిషి పడ్డట్టుగా నీళ్ళలో పడేసి, దాన్ని వెనక్కి తెచ్చే సాధన చేయించండి. పడడం చూసినవాళ్ళు చూపు తిప్పకుండా వేలు చూపిస్తూనే ఉండాలి. ఒకరు లైఫ్‌బాయ్ (నీళ్ళలో తేలే రింగు) విసరాలి, ఇంకొకరు జీపీఎస్‌లో ఎంఓబీ (మ్యాన్ ఓవర్‌బోర్డ్, పడిన చోటును గుర్తుపెట్టే) బటన్ నొక్కాలి. నీళ్ళలో వేలాడే తాళ్ళు లోపలికి లాగకుండా ఇంజన్ వేస్తే అవి ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటాయి. ఒకసారి కెప్టెన్ నోరు మెదపకుండా కూర్చుని ఈ సాధన చేయించాలి. పడేది ఆయనే కావచ్చు కదా!

అపోహ: కడుపు ఖాళీగా ఉంటే వాంతులు రావు.

ఇంకా ఎక్కువవుతాయి. ఇడ్లీ, పెరుగన్నం, మరమరాలు మంచివి. ఆవకాయ ఒడ్డునే వదిలేయండి. వాంతులు రాకుండా వేసుకునే సిన్నరిజిన్ మాత్ర బయల్దేరడానికి కనీసం రెండు గంటల ముందు పడాలి. వాంతులు మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. మత్తు ఎంతొస్తుందో ఒడ్డునే ఒకరోజు వేసుకుని చూడాలి, డాక్టర్‌ను అడిగాకే. ఆవలింతలు, మౌనం, చల్లటి చెమట కనిపించగానే ఆ మనిషికి చుక్కాని అప్పగించి దిగంతం వైపు చూడమనండి. నీళ్ళు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన, పైన ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

అపోహ: కొత్తవాళ్ళకు రాత్రి వాచ్ (కాపలా వంతు) ఇవ్వకూడదు.

ఇవ్వకపోతే రెండో రాత్రికి కెప్టెన్ నిద్రలేమితో తప్పుడు నిర్ణయాలు తీసుకుంటాడు. జంటగా మూడు గంటల వాచ్ వేయండి. ఇద్దరూ ఒకేసారి మారకుండా గంటన్నర తేడా పెడితే, కొత్తగా వచ్చినవారికి పరిస్థితి తెలిసిన మనిషి పక్కనుంటారు. ఎన్నూరు, కాట్టుపల్లి రేవుల దగ్గర ఓడలు మెండు. 18 నాట్ల ఓడ ఆరు మైళ్ళను 20 నిమిషాల్లో దాటేస్తుంది. కాబట్టి పది నిమిషాలకోసారి చుట్టూ చూడాలి. దిక్సూచిలో ఓడ దిశ మారకుండా దూరం తగ్గుతోందంటే అది మీ మీదికే వస్తోంది, కెప్టెన్‌ను లేపండి. అనుమానమొచ్చినా లేపండి.

అపోహ: డిసెంబరులో చల్లగా హాయిగా వెళ్ళొచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి ఎదురు, తీర ప్రవాహం దక్షిణానికి, పైగా తుఫాన్లు. మార్చికి గాలీ ప్రవాహమూ అనుకూలంగా తిరుగుతాయి.

అపోహ: ఫోనుంది కదా!

ఒడ్డు దూరమయ్యాక సిగ్నల్ ఉండదు. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అప్పుడు పనికిరాదు. ఆపదలో వీహెచ్‌ఎఫ్ (పడవలోని రేడియో) 16వ ఛానెల్‌లో ఏం చెప్పాలో, అంటే పడవ పేరు, ఉన్న చోటు, మనుషుల సంఖ్య, కార్డు మీద రాసి రేడియో పక్కన అంటించండి. ప్రతి ఒక్కరితో ఒకసారి బటన్ నొక్కకుండా చదివించండి.