నాలుగు నల్ల పట్టీలు

ఈస్ట్ కలిపిన నీళ్లను గాజు గొట్టంలో పోసి, వెనక దీపం పెట్టి, ఇటునుంచి కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూస్తే రంగుల వరుస మధ్యలో కొన్ని నల్లటి పట్టీలు కనిపిస్తాయి. గొట్టాన్ని గట్టిగా కుదిపితే అవి మాయమవుతాయి. కదపకుండా కాసేపు ఉంచితే మళ్లీ వస్తాయి. 1920లలో కేంబ్రిడ్జిలో జీవశాస్త్రవేత్త డేవిడ్ కైలిన్ చూసింది ఇదే. కుదిపినప్పుడు నీళ్లలోకి గాలి చేరింది. అందులోని ఆక్సిజన్‌ను ఈస్ట్ వాడేసుకోగానే పట్టీలు తిరిగొచ్చాయి. కణాన్ని కోయకుండా, దానికి రంగు వేయకుండా, చంపకుండా దాని శ్వాసను కళ్లారా చూశాడన్నమాట.

ఆయన వెతుకుతున్నది మాత్రం వేరే. గుర్రాల కడుపులో పెరిగే ఒక ఈగ లార్వాలో హీమోగ్లోబిన్ ఉంటుంది. లార్వా ఈగగా మారాక అదేమవుతుందో చూద్దామనుకున్నాడు. ఈగ కండరాల్లో కనిపించిన నాలుగు పట్టీలు హీమోగ్లోబిన్‌వి కావు. 1925లో ఆ పదార్థానికి సైటోక్రోమ్ అని పేరు పెట్టాడు. కణంలోని రంగు అని అర్థం.

నిజానికి చార్లెస్ మెక్‌మన్ అనే వైద్యుడు 1880లలోనే ఈ పట్టీలను చూసి పత్రాలు రాశాడు. అప్పటి జీవరసాయన దిగ్గజం హోప్పే-సైలర్ అవి హీమోగ్లోబిన్ విరిగితే వచ్చిన ముక్కలేనని కొట్టిపారేశాడు. ఆ మాటే నిలిచింది. మెక్‌మన్ 1911లో చనిపోయాడు. ఆయన చూసింది నిజమేనని తేలడానికి ఇంకా పద్నాలుగేళ్లు పట్టింది.

పట్టీ రావడానికీ పోవడానికీ కారణం సైటోక్రోమ్ నడుమ ఉండే ఇనుము. అది ఎలక్ట్రాన్‌ను పట్టుకుని ఉన్నంతసేపూ, సైటోక్రోమ్‌లలో ఒక రకమైన సైటోక్రోమ్-సి 550 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని గట్టిగా మింగుతుంది. ఎలక్ట్రాన్ చేయి మారి ఆక్సిజన్ వైపు వెళ్లిపోగానే ఆ పట్టీ చెదిరిపోతుంది.

అయితే కణాలు కలిపిన నీళ్లు పాలలా మసకగా ఉంటాయి. కాంతి తగ్గితే దాన్ని సైటోక్రోమ్ మింగిందో, కణాలు పక్కకు చెదరగొట్టాయో తెలియదు. 1950లలో అమెరికా శాస్త్రవేత్త బ్రిట్టన్ చాన్స్ దీనికి వాడిన ఉపాయం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పట్టీ ఉన్నచోట ఒక రంగు, పట్టీ లేని పక్కచోట ఇంకో రంగు తీసుకుని రెండింటినీ మార్చి మార్చి అదే గొట్టంలోంచి పంపాడు. మసక రెండింటినీ దాదాపు ఒకేలా తగ్గిస్తుంది. తేడా తీస్తే మిగిలేది సైటోక్రోమ్ లెక్కే.

ఇదంతా కోట్ల కణాల సగటు. ఒక్క కణాన్నే చూడాలంటే ఈ దారి కష్టం. కొన్ని మైక్రాన్ల మందంలో మింగుడుపడే కాంతి మరీ తక్కువ. అక్కడ పనికొచ్చింది 1928లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తాలో కనుగొన్న ప్రభావం. అణువును తాకి చెదిరిన కాంతిలో అతి స్వల్ప భాగం, సుమారు కోటి ఫోటాన్లకు (కాంతి రేణువులకు) ఒకటి, రంగు మార్చుకుని వస్తుంది. ఎంత మారిందన్నది ఆ అణువులోని బంధాల కంపనాన్ని బట్టి ఉంటుంది. కణమంతా నీరే అయినా చిక్కులేదు. పరారుణ కాంతిని మింగేసే నీరు రామన్ పద్ధతిలో పెద్దగా అడ్డురాదు.

1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు బతికున్న ఒక్కో కణం నుంచి ఇలా రామన్ వర్ణపటం తీశారు. పచ్చ లేజర్ కణాన్ని పాడుచేస్తుండటంతో ఎరుపును ఎంచుకున్నారు. ఇక్కడే ఒక పేచీ ఉంది. సైటోక్రోమ్‌ను బాగా చూపేది ఆ పచ్చకాంతే. 532 నానోమీటర్ల లేజర్ వాడితే దాని రామన్ సంకేతం ఎన్నో రెట్లు పెరిగి, మిగతా ప్రోటీన్ల గుంపులోంచి పైకి తేలుతుంది.

ఒసాకా విశ్వవిద్యాలయం బృందం 2012లో ఈ పచ్చకాంతితోనే, ప్రయోగశాలల్లో పెంచే హీలా అనే మనిషి క్యాన్సర్ కణాలు మందు వేశాక చావడాన్ని చిత్రీకరించింది. మైటోకాండ్రియాలో ఉన్నంతకాలం సైటోక్రోమ్-సి శ్వాసకు పనిచేస్తుంది. బయటికి కారితే కణం తనను తాను చంపుకునే క్రమాన్ని నడిపిస్తుంది. 1996లో బయటపడిన సంగతి ఇది. అప్పటిదాకా మైటోకాండ్రియాలో ఉన్న సంకేతం కణమంతా పరుచుకోవడం ఆ చిత్రాల్లో కనిపించింది, మెరిసే రంగు ఏదీ అంటించకుండానే.

కణాన్ని చంపింది మందా, లేజరా అన్న అనుమానం ఇలాంటి ప్రతి ప్రయోగంలోనూ వస్తుంది. అందుకని మందు వేయని కణాల మీద కూడా అదే లేజర్‌ను, అంతే సేపు నడిపి చూడాలి.