కట్టెల మోపుతో కారెక్కిన పురుగు

మిషిగన్‌లో మొదటిసారి క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు, ఇంటి వెనక ఎండిపోయిన చెట్టు కొట్టిస్తే మిగిలిన కట్టెలు కొన్ని డిక్కీలో వేసుకుని బయల్దేరాం. ఊరికే పడున్నవి కదా, అక్కడికెళ్లి డబ్బులు పెట్టి కొనడం ఎందుకని. పార్కు గేటు దగ్గర మాత్రం బయటి కట్టెలు తేకూడదని బోర్డు. అక్కడున్న అమ్మాయి నవ్వుతూనే ఒక కట్టె తీసి బెరడు పట్టుకుని లాగింది, అట్ట ఊడినట్టు ఊడొచ్చింది. కింద చెక్క నిండా పాము పాకినట్టు వంకర గీతలు. కట్టెలన్నీ అక్కడే దింపించేసుకుంది. నాకు కాస్త ఒళ్లు మండిన మాట నిజం.

ఆ గీతలు గీసిన పురుగు పేరు ఎమరాల్డ్ యాష్ బోరర్. ఇక్కడ యాష్ అంటే బూడిద కాదు, చెట్టు పేరు. మన మల్లె, పారిజాతం ఏ కుటుంబమో ఈ యాష్ చెట్టూ అదే కుటుంబం, ఆ పూల అందం మాత్రం దీనికి రాలేదు. పురుగు వైపు నుంచీ చుట్టరికం ఉంది. చిన్నప్పుడు వానాకాలంలో తుమ్మ చెట్ల మీద బంగారు పురుగుల్ని (కొన్ని ఊళ్లలో జీరంగి అంటారు) పట్టుకుని, అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి దాచుకున్నాం కదా, ఆ కుటుంబంలోదే ఇది. సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటుంది, సన్నగా, పచ్చరాయిలా మెరుస్తూ. చూస్తే ముచ్చటేస్తుంది.

పెద్ద పురుగు చేసే నష్టం పెద్దగా ఏమీ లేదు, నాలుగు ఆకులు కొరికి కొన్ని వారాలు బతుకుతుంది. ప్రాణం తీసేది దాని పిల్ల. తల్లి బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, పొదిగాక పిల్ల పురుగు బెరడు తొలుచుకుని లోపలికి పోయి దాని కిందున్న మెత్తటి పొరను తినడం మొదలుపెడుతుంది. ఆ పొరే పోషక కణజాలం, ఆకుల్లో తయారైన తిండి వేర్లకు చేరే దారి. పురుగు ఎడమకీ కుడికీ వంకర్లు తిరుగుతూ తింటుంది, వందల పురుగులు అలా తింటే చెట్టు చుట్టూ దారులన్నీ తెగిపోయి, మనం బెరడు చుట్టూ గాటు పెట్టి చెట్టుని ఎండబెట్టినట్టే అవుతుంది. ముందు కొమ్మల చివర్లు పల్చబడతాయి. వడ్రంగి పిట్టలు పురుగుల కోసం బెరడు చెక్కేస్తే కాండం మీద తెల్లటి మచ్చలు పడతాయి. పెరిగిన పురుగు బయటికొచ్చే కన్నం కూడా గుండ్రంగా ఉండదు, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో, మూడు మిల్లీమీటర్లంత ఉంటుంది. ఇవన్నీ మన కంట పడేసరికి సాధారణంగా ఆలస్యమైపోయి ఉంటుంది. మూడు నాలుగేళ్లలో ఎంత పెద్ద చెట్టయినా మోడే.

దీని సొంతూరు చైనా, కొరియా, రష్యా తూర్పు కొస. అక్కడి యాష్ చెట్లకు ఇది పాత పరిచయం, తట్టుకునే శక్తి వాటికుంది, నీరసించిన చెట్లే దీని బారిన పడతాయి. అమెరికా చెట్లకు అసలు దీని ముఖమే తెలియదు. బహుశా సరుకు పెట్టెల చెక్కలో దాక్కుని, 1990ల మొదట్లోనో మధ్యలోనో డెట్రాయిట్ పడమటి శివార్లకు చేరింది. ఇప్పుడు కాంటన్, నోవై అంటూ మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కుంటున్నది ఆ చుట్టుపక్కలే. 2002 దాకా ఎవరూ గుర్తించలేదు. చెట్లు చచ్చిపోతుంటే ఇంకేదో జబ్బనుకున్నారు. చివరికి పురుగు దొరికాక కూడా అదేమిటో తేల్చడానికి స్లొవేకియాలో ఉన్న నిపుణుడు ఎడ్వర్డ్ యెండెక్ దాకా వెళ్లాల్సి వచ్చింది. చచ్చిన చెట్ల వలయాలు లెక్కపెట్టి ఇది ఎప్పుడొచ్చిందో వెనక్కి కట్టింది ఆ తర్వాతే.

నాకు ఇందులో అన్నిటికన్నా బాధనిపించేది వేరే ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో డచ్ ఎల్మ్ తెగులుతో అమెరికా వీధుల్లోని ఎల్మ్ చెట్లు వరసగా పోయాయి. వీధికంతటికీ ఒకే చెట్టు ఉండడం వల్ల జరిగిన దెబ్బ అది. ఖాళీ అయిన చోట్ల ఏం నాటారు? చాలా ఊళ్లలో మళ్లీ ఒకే చెట్టు, యాష్.

తనంతట తానుగా ఈ పురుగు ఎక్కువ దూరం పోదు, చాలా పురుగులు పుట్టిన చెట్టు పరిసరాల్లోనే గుడ్లు పెట్టేస్తాయి. అలాంటిది ఇవాళ 35కి పైగా రాష్ట్రాల్లో ఉంది, కోట్ల చెట్లను చంపింది, 2022లో పసిఫిక్ తీరంలోని ఒరెగాన్‌లో కూడా బయటపడింది. రాకీ కొండలు దాటి ఎగిరొచ్చిందా? మనమే తీసుకెళ్లాం, వంటచెరకులో, దుంగల్లో, నర్సరీ మొక్కల్లో. 2003లో మిషిగన్ నర్సరీ ఒకటి నిషేధాన్ని లెక్కచేయకుండా పంపిన మొక్కలతో మేరీల్యాండ్‌కి చేరింది. కెనడా వాళ్లు ఒంటారియోలో పది కిలోమీటర్ల వెడల్పున యాష్ అన్నది లేకుండా నరికేసి కంచెలా ఖాళీ వదిలారు, పురుగు అప్పటికే అవతల ఉంది. అందుకే నా డిక్కీ కట్టెల మీద ఆ అమ్మాయికి అంత పట్టింపు. ధ్రువీకరించి అమ్మే కట్టెలనైతే అరవై డిగ్రీల వేడి లోపలిదాకా తగిలేలా గంటసేపు ఉంచి, పురుగు చచ్చాకే ముద్ర వేస్తారు.

యాష్ కట్టెలు, మొక్కలు బయటికి తీసుకెళ్లకుండా పెట్టిన క్వారంటైన్‌ని 2021 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం ఎత్తేసింది. చేతులెత్తేశారని కొందరు తిట్టారు, నాకు మాత్రం ఆ నిర్ణయం అర్థమైంది, ఆపలేని దాన్ని ఆపుతున్నట్టు కాగితాల మీద చూపించుకోవడం కంటే ఆ డబ్బు నిజంగా పనికొచ్చే చోట పెట్టడం నయం. ఆ పనుల్లో ఒకటి విదేశీ కందిరీగలు. భయపడకండి, ఇవి కుట్టవు, చీమకంటే చిన్నవి కూడా ఉన్నాయి. చైనా నుంచి తెచ్చిన మూడు రకాల్ని 2007లో వదిలారు, 2015లో రష్యా నుంచి తెచ్చిన నాలుగో రకానికి అనుమతి వచ్చింది. మన చెరకు, వరి రైతులు ట్రైకోగ్రామా కార్డులు (పురుగు గుడ్లను చంపే బుల్లి కందిరీగలు అంటించినవి) కట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు, ఒక రకం అచ్చం అలాగే బోరర్ గుడ్లలో తన గుడ్డు పెడుతుంది. మిగతావి బెరడు కిందున్న పిల్ల పురుగునే వెతికి పట్టుకుంటాయి. పై నుంచి, కనపడకుండా!

వీధి చెట్లకైతే మందు ఉంది, ఎమామెక్టిన్ బెంజోయేట్. అవును, మన మిర్చి, పత్తి చేలల్లో శనగపచ్చ పురుగుకి కొట్టేదే. ఇక్కడ స్ప్రే చేయరు, కాండానికి కన్నాలు పెట్టి ఇంజెక్షన్‌లా ఎక్కిస్తారు, ఒకసారి వేస్తే రెండు మూడేళ్లు కాపాడుతుంది. మిల్వాకీ నగరం 2009 నుంచి ఇలా వేల చెట్లను నిలబెట్టుకుంటోంది. అడవికి మాత్రం ఎవడు వేస్తాడు ఇంజెక్షన్?

పురుగు కొత్త చోటికి చేరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సరదా పద్ధతుంది. ఇసుక నేలలో గూడు తవ్వుకునే స్థానిక కందిరీగ ఒకటి ఈ బంగారు పురుగుల జాతినే వేటాడి పిల్లలకు మేతగా తెచ్చుకుంటుంది. దానికి బేస్‌బాల్ మైదానాలంటే ఇష్టం. కొన్ని రాష్ట్రాల్లో వాలంటీర్లు ఎండలో ఆ గూళ్ల దగ్గర కూర్చుని ఏం మోసుకొస్తోందో చూస్తారు. బేస్‌బాల్ బ్యాట్‌కి యాష్ చెక్క పేరు మోసిందన్నది ఇక్కడ గుర్తు చేసుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

నిజంగా ఏడవాల్సింది బ్లాక్ యాష్ గురించి. మిషిగన్ చుట్టుపక్కల మూలవాసులైన అనిషినాబే ప్రజలు దాని దుంగని సుత్తితో కొట్టి కొట్టి, ఏడాదికో వలయంగా పెరిగిన పొరల్ని పట్టీలుగా విడదీసి బుట్టలల్లుతారు. మన మేదరులకు వెదురు ఎంతో వాళ్లకు అదంత. వెదురు నరికితే మళ్లీ వస్తుంది, ఇదేమో పూర్తిగా అంతరించే ప్రమాదం ఉందని విత్తనాలు పోగేసి దాస్తున్నారు.

అన్నీ చచ్చిన చోట కూడా అక్కడక్కడా ఒక చెట్టు పచ్చగా మిగిలి ఉంటుంది. అలాంటివాటి కొమ్మలు తెచ్చి అంట్లు కట్టి, ఒహాయోలోని అటవీ శాఖ పరిశోధకులు తట్టుకునే రకాల్ని పెంచుతున్నారు. ఒక తరం మనిషి చూడగలిగే పని కాదది. అడవుల్లో లేత మొక్కల్ని ప్రస్తుతం కాస్తున్నది ఎక్కువగా కందిరీగలే, అయితే చైనా నుంచి తెచ్చినవాటిలో బాగా నిలదొక్కుకున్న రకానికి గుడ్డు పెట్టే సూది పొట్టి. చెట్టు లావై బెరడు మందమైతే అది లోపలికి అందదు. రష్యా రకం సూది ఇంకొంచెం పొడుగు, అందుకే దాన్ని తెచ్చారు.

మేం కొట్టించిన చెట్టు మొదలు నుంచి పిలకలు లేచాయి. వేలెడు లావు దాటితే చాలు, పురుగు దిగుతుందంటారు. ఇప్పుడవి నా మణికట్టంత ఉన్నాయి, బెరడు ఇంకా నున్నగానే ఉంది.